ఎలుకకు పెట్టిన మందు.. ఇంటి కుక్కకు ముప్పు

* రోజుల తర్వాత గానీ బయటపడని లక్షణాలు
* ఒక్కో విషానికి ఒక్కో చికిత్స
* మందు పొట్లం దాచి ఉంచితేనే వైద్యం సులువు

ఎర్రగుంట్ల: శనగ మూటలు ఇల్లు చేరిన వెంటనే వాటి వెనుకే ఎలుకలూ చేరతాయి. మిద్దె సందుల్లో, పరిచిన బండల కింద, పశువుల కొట్టంలో కాపురం పెడతాయి. సంచులు కొరికి గింజలు ఎత్తుకుపోతాయి. విసిగిపోయిన ఇంటి యజమాని దుకాణానికి వెళ్లి ఎలుకల మందు పొట్లం తెస్తాడు. రాత్రి పడుకోబోయే ముందు గోడ వారగా ఎర పెడతాడు. తెల్లవారేసరికి ఎర మాయమవుతుంది. దానిని తిన్నది ఎలుకో, పెరట్లో తిరిగే కుక్కో, పిల్లో, కోడో చూసినవారు ఉండరు. మూడు నాలుగు రోజుల తర్వాత కుక్క కూడు ముట్టక మూలన పడుకుంటే వడదెబ్బ అనో, గోమార్ల జ్వరమనో అనుకుంటారు. మరుసటి రోజుకు అది కన్నుమూస్తుంది. తాము పెట్టిన మందే దాని ప్రాణం తీసిందన్న సంగతి చాలా ఇళ్లలో ఎప్పటికీ తెలియదు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి భూముల్లో శనగ, జొన్న, పత్తి పండుతాయి. ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింద వరి, పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు ఉన్నాయి. పంట ఏదైనా ఎలుకలు, పందికొక్కుల బెడద తప్పదు. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధులు మనుషులకు, పశువులకూ ప్రమాదకరం. అందువల్ల ఎలుకల నివారణ అవసరమే. అయితే ఎలుకను చంపే విషం ఇంటి కుక్కను గుర్తించి విడిచిపెట్టదు. ఎర తయారీకి వాడే నూకలు, నూనె, బెల్లం, శనగపిండి ఎలుకకు ఎంత ఇష్టమో కుక్కకూ కోడికీ అంతే ఇష్టం.

పేరు ఒక్కటే.. విషాలు అనేకం

దుకాణంలో అడిగేటప్పుడు అందరూ చెప్పే పేరు 'ఎలుకల మందు' ఒక్కటే. అదే పేరుతో అమ్ముడయ్యే విషాలు మాత్రం అనేకం. ఒకటి రక్తాన్ని గడ్డకట్టనీయదు. మరొకటి కడుపులో విషవాయువును పుట్టిస్తుంది. ఇంకొకటి కాలేయాన్ని నాశనం చేస్తుంది. ఒకదానికి పనిచేసే విరుగుడు మరొకదానికి పనికిరాదు. ఒకదానికి హాని చేయని ఆహారం మరొకదానిలో ప్రాణాంతకమవుతుంది. ఈ కారణంగా 'ఎలుకల మందు తిన్నది' అన్న ఒక్క మాటతో పశువైద్యుడు చికిత్స నిర్ణయించలేరు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. మొదటి ప్రశ్నకు జవాబు పొట్లం మీద ఉంటుంది.

రక్తం గడ్డకట్టనీయని బ్రోమాడయోలోన్

ప్రస్తుతం ఇళ్లలోనూ పొలాల్లోనూ విరివిగా వాడుతున్నది బ్రోమాడయోలోన్. ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. నేరుగా పెట్టే బిళ్లల్లో 0.005 శాతం మందు ఉంటుంది. నూకలు, నూనెతో కలిపి ఎర తయారు చేసుకునే పొడిలో 0.25 శాతం ఉంటుంది. అంటే బిళ్ల కంటే పొడి 50 రెట్లు గాఢమైనది. ఎర కలిపిన తర్వాత మిగిలిన పొడిని కిటికీలోనో, అటక మీదనో వదిలేయడం అన్నింటి కంటే పెద్ద పొరపాటు.

శరీరంలో రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ 'కె' సాయంతో తయారు చేస్తుంది. వాడిన విటమిన్‌ను తిరిగి పనికి వచ్చేలా మార్చే ప్రక్రియను ఈ మందు అడ్డుకుంటుంది. అప్పటికే రక్తంలో ఉన్న నిల్వ రెండు మూడు రోజులు ఆదుకుంటుంది. అందుకే మందు తిన్న కుక్క ఆ రోజు, మరుసటి రోజు మామూలుగానే తిరుగుతుంది, తింటుంది, మొరుగుతుంది. 'ఏమీ కాలేదు' అని యజమాని ఊరట చెందుతాడు. నిల్వ అయిపోయాక సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల మధ్య లోపల రక్తస్రావం మొదలవుతుంది. చిగుళ్లు పాలిపోతాయి. నీరసం, ఆయాసం కనిపిస్తాయి. ముక్కు నుంచి రక్తం కారవచ్చు. పేడ నల్లగా రావచ్చు. కీళ్లలో రక్తం చేరితే కుంటుతుంది. ఛాతీలో చేరితే ఊపిరి ఆడదు. పైకి ఒక్క రక్తపు చుక్క కనిపించకుండానే చనిపోయే అవకాశమూ ఉంది.

భయపెట్టే ఈ మందుకే నమ్మకమైన విరుగుడు ఉండటం ఊరట కలిగించే విషయం. అది విటమిన్ కె1. మొదటి కొద్ది గంటల్లో ఆసుపత్రికి చేరిస్తే వాంతి చేయించి, బొగ్గుపొడి మందు ఇచ్చి విషాన్ని చాలావరకు బయటకు పంపగలుగుతారు. తర్వాత కె1 మాత్రలను మూడు నుంచి నాలుగు వారాల పాటు వాడాలి. బ్రోమాడయోలోన్ కాలేయంలో వారాల తరబడి నిలిచి ఉండటమే దీనికి కారణం. కుక్క హుషారుగా ఉందని వారానికే మాత్రలు ఆపేస్తే రక్తస్రావం తిరగబెడుతుంది. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు రక్తం గడ్డకట్టే సమయాన్ని పరీక్ష చేయించుకోవాలి. విటమిన్ 'కె' పేరుతోనే దొరికే కె3 ఈ విషానికి విరుగుడు కాదన్నది గుర్తుంచుకోవాలి.

పశువుల చావుతో తెలిసిన విషం

ఈ తరహా మందు పుట్టుక వెనుక పశువుల కథే ఉంది. 1920లలో కెనడా, ఉత్తర అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో పశువులు అంతుచిక్కని రక్తస్రావంతో మరణించాయి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి తినడమే కారణమని పశువైద్యులు గుర్తించారు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక రైతు చనిపోయిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన డబ్బాను వెంటబెట్టుకుని మంచు తుపానులో ప్రయాణించి విశ్వవిద్యాలయానికి చేరాడు. అక్కడి రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని డైకుమరాల్‌ను వేరు చేసింది. అదే పరిశోధనలోంచి వచ్చిన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా విడుదల చేశారు. దానికి ఎలుకలు అలవాటు పడటంతో మరింత శక్తిమంతమైన రెండో తరం మందులు వచ్చాయి. బ్రోమాడయోలోన్ వాటిలో ఒకటి. పశువులను చంపి బయటపడిన విషం నేటికీ పశువులకు ప్రమాదకరమేనని ఈ చరిత్ర చెబుతోంది.

కడుపులో వాయువు పుట్టించే జింక్ ఫాస్ఫైడ్

బూడిద కలిసిన నలుపు రంగులో, వెల్లుల్లి వాసనతో ఉండే పొడి జింక్ ఫాస్ఫైడ్. పొలాల్లో దీనిని ఎక్కువగా వాడతారు. 96 పాళ్ల నూకలకు రెండు పాళ్ల నూనె, రెండు పాళ్ల మందు కలపడం వ్యవసాయ శాఖ సిఫార్సు. కడుపులోని ఆమ్లం తగలగానే ఇది ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. పావుగంట నుంచి నాలుగు గంటల లోపే లక్షణాలు మొదలవుతాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, వణుకు, మూర్ఛ వరుసగా వస్తాయి. దీనికి విరుగుడు లేదు. లక్షణాలను బట్టి చేసే చికిత్స ఒక్కటే ఆధారం.

శరీర బరువులో కిలోకు 20 నుంచి 40 మిల్లీగ్రాముల మందు కుక్కకు ప్రాణాంతకం కావచ్చని పశువైద్య శాస్త్రం చెబుతోంది. పది కిలోల కుక్కకు అది 200 నుంచి 400 మిల్లీగ్రాములు. రెండు శాతం మందు కలిపిన 15 గ్రాముల ఎర పొట్లంలో 300 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఎలుక బొరియలో వేయాల్సిన ఒక్క పొట్లం చాలు. కోళ్లకు ఇంకా తక్కువ చాలు.

ఈ మందు తిన్న కుక్కకు అన్నం, పాలు, రొట్టె పెట్టడం ప్రాణాంతకం. ఆహారం లోపలికి వెళితే కడుపులో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగితే వాయువూ పెరుగుతుంది. 'ఏదైనా తింటే విషం విరుగుతుంది' అన్న నమ్మకం ఇక్కడ కుక్క పాలిట శాపమవుతుంది. మరో ప్రమాదమూ ఉంది. కుక్క కక్కిన దానిలోంచి వెలువడే వాయువు పక్కనున్న మనుషులకూ హానికరం. మూసిన గదిలో, తలుపులు బిగించిన కారులో దానిని ఉంచరాదు. గాలి ఆడే చోట ఉంచి, వాంతికి గాలి వీచే వైపున నిలబడాలి. వాహనంలో తీసుకెళ్లేటప్పుడు అద్దాలు దించి ఉంచాలి.

రెండో రోజు కోలుకున్నట్లు మోసగించే పేస్టు

గొట్టంలో వచ్చే పేస్టు రూపంలోని ఎలుకల మందులో పసుపు భాస్వరం ఉంటుంది. టమోటా ముక్కకో, బజ్జీకో, రొట్టెకో పూసి పెట్టడం పరిపాటి. తిన్న కొద్దిసేపటికి వాంతులు అవుతాయి. తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు కుక్క కోలుకున్నట్లే కనిపిస్తుంది. ఆ తర్వాత కాలేయం చెడిపోయి కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. అప్పటికి చేయగలిగింది స్వల్పం. దీనికీ విరుగుడు లేదు. నూనె, నెయ్యి, పాలు పట్టిస్తే విషం ఒంటికి మరింత త్వరగా పడుతుంది. మనుషుల ప్రాణాలనూ బలిగొంటున్న ఈ పేస్టును పొరుగునున్న తమిళనాడు ప్రభుత్వం నిషేధించింది.

గిడ్డంగి బిళ్లలు, పొలం గుళికలు ఇంట్లో వద్దు

ధాన్యం గిడ్డంగుల్లో పురుగుల నివారణకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను కొందరు ఇళ్లలో ఎలుకల బొరియల్లో వేస్తుంటారు. గాలిలోని తేమ చాలు, వీటి నుంచి ఫాస్ఫీన్ వెలువడటానికి. శిక్షణ పొందిన వారు తప్ప సాధారణ ప్రజలు వీటిని వాడరాదు. నివాస గృహాల్లో ఈ తరహా విషాల తీవ్రతకు ఇటీవలి ఉదాహరణ చెన్నై నగర శివారు కుంద్రత్తూరు. అక్కడ 2024 నవంబరులో ఎలుకల నివారణకు ఇంట్లో ఉంచిన మందు ప్రభావానికి ఇద్దరు చిన్నారులు మరణించారు. మనుషులకే రక్షణ లేని చోట నేలకు దగ్గరగా పడుకునే పిల్లి, కుక్క సంగతి చెప్పనవసరం లేదు.

పంటలకు వేసే గుళికల మందును అన్నంలో కలిపి ఎలుకలకు, పందులకు పెట్టడం మరో దురలవాటు. ఒకప్పుడు విరివిగా దొరికిన ఫోరేట్ గుళికలపై దేశవ్యాప్తంగా 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. ఇళ్లలో పాత నిల్వలు ఉంటే వాటి జోలికి పోరాదు. ఈ గుళికలు తిన్న జంతువుకు చొంగ కారుతుంది. కనుపాపలు చిన్నవవుతాయి. కండరాలు అదురుతాయి. దీనికి అట్రోపిన్ ఇంజెక్షన్ విరుగుడుగా పనిచేస్తుంది. అయితే నిమిషాలే మిగులుతాయి.

చచ్చిన ఎలుకతోనూ చేటు

పిల్లులు ఎరను నేరుగా తినడం అరుదు. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను సులువుగా పట్టుకుని తింటాయి. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు ఎర తింటూనే తిరుగుతుంది. దాని ఒంట్లో చేరిన మందు తిన్నవారి ఒంట్లోకి చేరుతుంది. వరుసగా అలాంటి ఎలుకలను తిన్న పిల్లి ప్రమాదంలో పడుతుంది. గుడ్లగూబ, పాము, ముంగిసలదీ ఇదే పరిస్థితి. పైసా ఖర్చు లేకుండా ఎలుకలను తినిపెట్టే జీవులు ఇలా నశిస్తే మరుసటి ఏడాది ఎలుకల సంఖ్య పెరుగుతుంది. ఈ కారణంగానే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం రెండో తరం మందుల వాడకంపై 2020లో చట్టం చేసి చాలావరకు నిషేధించింది. ఎర పెట్టిన తర్వాత ఉదయం, సాయంత్రం వెతికి చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చిపెట్టాలి. చెత్తకుప్పపై విసిరేయడం సరికాదు.

తిన్నట్లు అనుమానం వస్తే..

* జంతువును ఎర ఉన్న చోటు నుంచి వెంటనే దూరంగా తీసుకెళ్లాలి. మిగిలిన ఎరను అందకుండా తీసేయాలి.
* మందు పొట్లం, డబ్బా, గొట్టం ఏది ఉన్నా వెంట తీసుకెళ్లాలి. చిరిగిన ముక్క దొరికినా పనికొస్తుంది.
* ఎంత ఎర పెట్టారు, ఎంత మిగిలింది, ఎన్ని గంటలకు గమనించారు అన్నవి కాగితంపై రాసుకోవాలి.
* లక్షణాలు కనిపించే వరకు ఆగరాదు. ఏ లక్షణమూ లేని మొదటి రెండు నుంచి నాలుగు గంటలే అత్యంత విలువైనవి.
* ఒంటికి, కాళ్లకు మందు అంటితే చేతికి తొడుగు వేసుకుని నీళ్లతో కడగాలి. నాకనీయరాదు.
* వాంతి చేసుకుంటే దాని రంగు, అందులో కనిపించిన ఎర గింజల వివరాలను వైద్యుడికి చెప్పాలి.
* ఇంట్లో రెండు మూడు జంతువులుంటే అన్నింటినీ చూపించాలి. ఏది ఎంత తిన్నదో తెలియదు.

ఇవి చేయరాదు

ఉప్పునీళ్లు పట్టించి కక్కించే ప్రయత్నం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఉప్పు ఎక్కువైతే అదే మరో విషమవుతుంది. సబ్బునీళ్లు, చింతపండు రసం, నూనె, పచ్చిగుడ్డు గొంతులో పోయడం వల్ల అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. వణుకుతున్న, స్పృహ తప్పిన, మూర్ఛ వస్తున్న జంతువు నోట్లో ఏమీ పోయరాదు. పిల్లికి ఇంట్లో వాంతి చేయించాలని అసలే ప్రయత్నించరాదు. మనుషులకు వాడే నొప్పి మాత్రలు ఇవ్వరాదు. బ్రోమాడయోలోన్ తిన్న కుక్కకు ఆస్పిరిన్ వంటివి రక్తస్రావాన్ని మరింత పెంచుతాయి. దానిని పరుగెత్తించకుండా, ఎత్తుల నుంచి దూకనీయకుండా, మెడకు గట్టిగా గొలుసు బిగించకుండా చూడాలి. చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం ఆగదు.

చికిత్సకు ఎక్కడికి?

సమీప పశువైద్యశాలను సంప్రదించడం మొదటి మార్గం. ఈ ప్రాంతానికి కలిసొచ్చే అంశం ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాల. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో 2008లో ఇది ప్రారంభమైంది. బోధనతో పాటు జంతువులకు చికిత్స చేసే విభాగమూ ఇక్కడ ఉంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వాసులకు ఇది చేరువే. పులివెందుల వైపు గ్రామాల వారికి దూరం ఎక్కువ కాబట్టి ముందుగా స్థానిక పశువైద్యుడితో ఫోన్‌లో మాట్లాడి ప్రథమ చికిత్స తెలుసుకుని బయలుదేరడం మేలు. రాష్ట్రంలో 2022లో ప్రవేశపెట్టిన సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు కేటాయించారు. ఎర పెట్టే రోజే పశువైద్యుడి ఫోన్ నంబరు గోడపై రాసి ఉంచుకుంటే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది. విటమిన్ కె1 అందుబాటులో ఉందో లేదో ముందే వాకబు చేయాలి.

ఎర పెట్టక తప్పకుంటే..

మందు కంటే ముందు చేయాల్సిన పనులు ఉన్నాయి. గింజల మూటలను నేలకు ఎత్తుగా, గోడకు దూరంగా పేర్చాలి. బండల సందులను, గోడ రంధ్రాలను సిమెంటుతో పూడ్చాలి. రాత్రి కుక్కకు, కోళ్లకు పెట్టిన మేత మిగిలితే తీసేయాలి. ఆ మిగులే ఎలుకలను పిలుస్తుంది. ఇళ్లలో బోను, కత్తెర బోను వాడితే విషంతో పనే ఉండదు.

అప్పటికీ మందు తప్పదనుకుంటే ఎరను బహిరంగంగా పళ్లెంలో పెట్టరాదు. ఎలుక దూరగలిగి, పిల్లి తల పట్టని ప్లాస్టిక్ గొట్టం ముక్కలో గానీ, రంధ్రాలున్న గట్టి పెట్టెలో గానీ పెట్టి కదలకుండా బిగించాలి. పిల్లలకు, జంతువులకు అందని పెట్టెల్లోనే ఇళ్ల మందు అమ్మాలని అమెరికా పర్యావరణ సంస్థ 2008లోనే నిర్ణయించింది. ఇక్కడ ఆ పెట్టెను మనమే తయారు చేసుకోవచ్చు. ఎన్ని చోట్ల ఎంత పెట్టారో లెక్క రాసుకోవాలి. ఉదయం మిగిలినది తీసి లెక్క సరిచూడాలి. పొలంలో ఎరను బొరియ లోపల వేసి మట్టితో మూయాలి. గట్లపై చల్లరాదు. మందు కలిపిన గిన్నె, గరిటెలను మళ్లీ వంటకు, మేతకు వాడరాదు. ఊరంతా కలిసి ఎలుకల నివారణ చేపట్టే రోజున ముందుగా దండోరా వేయించి, కుక్కలను కట్టేసి, కోళ్లను గంప కింద మూసి ఉంచాలి.

కావాలని పెడితే నేరం

ఇరుగుపొరుగు తగాదాల్లో, కోళ్లను పట్టుకుంటోందన్న కోపంలో కుక్కకు ఎలుకల మందు పెట్టిన సంఘటనలు గ్రామాల్లో వినిపిస్తుంటాయి. జంతువును విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం. అయిదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టమూ వర్తిస్తుంది. పోలీసులకు ఫిర్యాదు చేయాలనుకుంటే కళేబరాన్ని పూడ్చకుండా పశువైద్యుడితో శవపరీక్ష చేయించాలి.

పొట్లమే సాక్ష్యం

విడిగా కాగితంలో కట్టి ఇచ్చే పేరులేని మందును కొనరాదు. పురుగు మందుల చట్టం ప్రకారం పొట్లంపై మందు పేరు, శాతం, విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. విరుగుడు వివరాలు అందులోనే దొరుకుతాయి. నాలుగు రూపాయలు మిగులుతాయని విడి మందు కొంటే ఆపద వేళ వైద్యుడికి చూపడానికి ఏమీ మిగలదు. చాలామంది ఎర కలపగానే పొట్లాన్ని పొయ్యిలో వేస్తారు. ఎలుకల బెడద తీరి, ఆ తర్వాత కనీసం వారం గడిచే వరకు ఖాళీ పొట్లాన్ని పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసిన చోట భద్రపరచాలి. మూగజీవి తాను ఏం తిన్నదో చెప్పలేదు. దాని తరఫున వైద్యుడికి జవాబు చెప్పగలిగేది ఆ పొట్లం ఒక్కటే.